కార్తీకం దాకా టైముంది

నన్నెవరైనా "నిదానస్తుడు, అన్నీ ఆలోచించి చేస్తాడు" అని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నా ఆలోచించడం ఎలాంటిదో మా అన్నకు తెలుసు.

డెబ్బైల్లో స్టీల్ ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు మా మెట్టభూమీ జీడితోటా పోయాయి. ఇల్లూ పోయింది. గాజువాక అవతల కాలనీలో స్థలం ఇచ్చి, దాంతోపాటు కుటుంబానికి ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లకి ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంటికి ఒక్కరికే. నాన్న అప్పటికే లేడు. ఆ తోటకి కావడితో నీళ్లు మోసింది అన్న. కార్డు మీద పేరు మాత్రం నాది. డిగ్రీ చదువుతున్నాను కాబట్టి నాకైతే మంచి పోస్టు వస్తుందని ఇంట్లో మొదట అన్నది నేనే. అన్న తలూపాడు.

ఎనభైల మొదట్లో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ సీటు వచ్చింది. చేరతానని ఉత్తరం రాసేశాను. ఆ రోజే ఇంట్లో గొప్పగా ప్రకటించాను, ఇక కార్డు అన్నదేనని. వదిన జాలరిపేట నుంచి వంజరం తెప్పించి పులుసు పెట్టింది.

పేరు మార్చడం పెద్ద పనేం కాదు. ఒక ఫారం, దానికి అన్న స్కూలు సర్టిఫికెట్ జతచేయాలి. ఆఫీసరు ముందు నేను సంతకం పెట్టాలి. ఉద్యోగంలో చేరేవాడికి ముప్పై అయిదేళ్లు దాటకూడదు, అంతే. కాగితాలన్నీ నా చేతికిచ్చి అన్న అన్నాడు, "నీ దగ్గరుంచు. నా దగ్గరైతే పిల్లలు సింపేత్తారు." అవి హాస్టల్లో నా ట్రంకుపెట్టె అడుక్కి వెళ్లాయి.

నెల తిరక్కుండానే నాకు మనసు పీకడం మొదలైంది. మా పై ఏడాదివాళ్లు ఎమ్మెస్సీ పాసై కూడా హాస్టల్ వదలకుండా మెస్సులో అప్లికేషన్లు నింపుతూ కూర్చునేవారు. నా గదిలో ఉండే శ్రీకాకుళం కుర్రాడు నవ్వేవాడు. "రాళ్లు సదివినోడు ఆకరికి రాళ్లే కొట్టుకోవాల బావా!" డిగ్రీలో నా వెనక బెంచీవాడు ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి, బూట్లు టకటకలాడించుకుంటూ మమ్మల్ని చూడ్డానికొచ్చాడు. సీటు ఒప్పుకుని తప్పు చేశానా అని ఆ రోజు నుంచి రోజూ అనుకున్నాను. మానేసి ఫ్యాక్టరీలో చేరిపోదామా అనుకున్నాను. మానలేదు. చదువు తేలిపోతే కార్డు ఉంటుంది కదా అని మాత్రం పెట్టె తాళం గట్టిగా వేసుకున్నాను.

చలికాలంలో అన్న తేగల కట్ట పట్టుకుని హాస్టల్‌కి వచ్చాడు.

"రేపు ఆపీసుకెల్దాంరా. సంతకం ఎట్టీ, అయిపోద్ది."

"పరీక్షలున్నాయన్నియ్యా. తర్వాత చూద్దాం."

ఆ నెలలో పరీక్షలు లేవు.

మే నెలలో మళ్లీ వచ్చాడు, ముంజలు తీసుకుని. ఈసారి కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"నీకు మనసు మారిందేటి? మారితే సెప్పీరా. నువ్వే సేరు. నాను ఇంకోటి సూసుకుంటాను."

ఇంతకన్నా మర్యాదగా ఎవరడుగుతారు? అవునని చెప్పినా సరిపోయేది. లేదు, పద, ఇప్పుడే సంతకం పెడతానన్నా సరిపోయేది. నేను రెండూ చెప్పలేదు.

"అదేం లేదు. నువ్వు పుట్టింది కార్తీకంలో కదా, ముప్పై అయిదు నిండేది అప్పుడే. కార్తీకం దాకా టైముంది."

"అయితే సరే. సదువుకున్నోడివి, నీకు తెలీదేటి" అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆగస్టులో మూడోసారి వచ్చాడు. ఆ మధ్యే నాకు మార్కులు బాగా వచ్చాయి. చదువు మీద ధైర్యం చిక్కింది కాబట్టి ఉదారంగా పెట్టె తీశాను. ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తా కాగితాలు తిప్పి అన్న సర్టిఫికెట్ మీద వేలు పెట్టాడు.

"జులై ఒకటికి ముప్పై అయిదు నిండిపోయాయి. నెల దాటిందయ్యా."

అన్నకేమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా ఊరి బడిలో మాస్టారు పిల్లలందరికీ పుట్టినరోజు జులై ఒకటే వేసేవాడు. సంవత్సరమేమో ఆయన అంచనా. నా సర్టిఫికెట్ మీదా జులై ఒకటే. ఇది తెలియదని ఎవరితో అనగలను? ఆ కాగితం పది నెలలు నా పెట్టెలో ఉంది. ఒక్కసారి విప్పి చూడలేదు.

గుమాస్తా మీద అరిచాను. పోయిన మాస్టార్ని తిట్టాను. గుమాస్తా గొంతు పెంచకుండా అడిగాడు, "ఇన్నాళ్లూ కాగితాలు ఎవరి దగ్గరున్నాయండీ?"

బయటికి రాగానే అన్న నా చొక్కా పట్టుకున్నాడు. రోడ్డు మీద, జనం చూస్తుండగా.

"నానంటే సదువు రానోణ్ని. నువ్వేటి సేసినావురా పది నెల్లు? రాళ్ల వయసు లెక్కలు కడతన్నావు గదా, నా వయసు అగుపడనేదా?"

కొట్టాల్సింది. కొట్టకుండా వదిలేశాడు.

ఇంటికెళ్లాక వదిన మాకు అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చుని అన్నకి చెబుతున్నట్టు అంది.

"కార్డు మీద మరిదిగోరి పేరుంది గదా. ఆయనే సేరితే సరి. ఇంట్లో ఒకలికైనా ఉజ్జోగం ఉంటది. సదువుకేటి, మల్లీ సదవొచ్చు."

న్యాయమైన మాట. పది నెలలుగా రోజూ చేరనా మాననా అని ఊగినవాణ్ని, ఆ పూట నాకు ఒక్క సందేహమూ రాలేదు.

"ఇంకొక్క ఏడాదే ఉంది వదినా" అన్నాను.

వదిన నా ముందునుంచి కంచం తీసేసింది. అప్పటికే అన్నం కలుపుకున్నాను. అన్న తల దించుకుని తింటూ ఆమెను వారించలేదు.

కార్డు ఎవరికీ పనికిరాకుండా పోయింది. నేను లెక్చరర్‌నయ్యాను. అన్న కాంట్రాక్టరు కింద కూలీగా చేరి, మా జీడితోట ఉన్నచోట కడుతున్న గోడలకి ఇటుకలు మోశాడు. నా మీద నాకెంత కోపమున్నా అది ఆయన తలమీంచి ఒక్క ఇటుకనీ దింపలేదు.

కూలీలకి గేటు పాసు మూడేసి నెలలకు కొత్తది తీసుకోవాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఒకసారి దాన్ని తెచ్చి, నాతో ముభావంగానే, నింపమన్నాడు. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను. పుట్టిన తేదీ దగ్గర నా కలం ఆగింది.

అన్న గోడకానుకుని బీడీ ముట్టించుకుంటున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"జులై ఒకటి. రాయి. కార్తీకం కాదు."