జానెడు పొడుగు గొట్టం

పోయిన వారం మధ్యాహ్నం ఇంత తిని నడుం వాల్చానో లేదో తోటలో తుపాకీ పేలింది. దిగ్గున లేచి కూర్చున్నాను. మా తుపాకీ చూస్తే బీరువా పక్కన గుడ్డ చుట్టి పెట్టింది పెట్టినట్టే ఉంది, దాన్ని పేల్చే మనిషి పోయి ఇంకా ఏడాది నిండలేదు, మరి ఇదెవరు పేల్చారా అని గోడ పట్టుకుని వెళ్ళి చూస్తే ఏముంది, పెద్దరసం మామిడి చెట్టుకి కట్టిన మైకు. తోట కౌలుకి తీసుకున్నతను ఏదో డబ్బా తెచ్చి బిగించాడు, అది కాసేపు కుక్కలా మొరుగుతుంది, కాసేపు తుపాకీలా పేలుతుంది. "భయపడ్డారా పెద్దమ్మగారూ? కోతుల కోసమండీ, మీ కోసం కాదు" అని నవ్వాడతను. నేనూ నవ్వాను గానీ నా కుడిచెయ్యి అప్పటికే పైకి లేవబోయి, భుజం దగ్గర కలుక్కుమని ఆగిపోయింది. ఆ చెయ్యి ఎందుకు లేచిందో అతనికి తెలియదు. మీకు చెబుతాను.

నాకు సంతకం తప్ప రాయడం రాదు, చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. చెప్పాలనిపించింది కూడా ఊరికే కాదు. మా ఆయన పేరున ఉన్న తుపాకీని వేరేవాళ్ళ పేరుకి మార్పించుకోవడమో, లేదంటే అప్పగించెయ్యడమో ఏదో ఒకటి తేల్చమని స్టేషన్ నుంచి కబురొచ్చింది. మాకు పిల్లల్లేరు. మా మరిది మాత్రం, "నా పేరున రాయించెయ్యి వదినా, ఇంట్లో రైఫిలు ఉందంటే ఆ మర్యాదే వేరు" అంటాడు. ఇవ్వనా, మాననా అని రోజూ దాని గుడ్డ విప్పడం, మళ్ళీ చుట్టడం. అలసిపోయానండీ, ఈ వయసులో తేల్చుకోవడం కూడా ఒక పనే.

మేము తోట చేసిన రోజుల్లో పందికొక్కుల బాధ ఇంతా అంతా కాదు. అంటుమొక్కల వేళ్ళు కొరికేవి, గట్లు తొలిచి పాదుల్లో నీళ్ళు నిలవనిచ్చేవి కావు, రాలిన కాయని తెల్లారేసరికి టెంకతో సహా మాయం చేసేవి. మా ఆయనకి ఆ బాధ ఒకటి, ఇంకో పిచ్చి ఒకటి. బెజవాడలో గురి చూసి కాల్చే క్లబ్బొకటి ఉండేది, ఆయన అక్కడికి వెళ్ళేవాడు. అట్టముక్క మీద నల్లటి చుక్కని కొట్టి వచ్చిన రోజు ఇంట్లో కాఫీ కూడా పొగుడుతూ తాగేవాడు. ఎంత తిరిగినా లైసెన్సు ఒక్క రైఫిలుకే వచ్చింది. ఆ ఒక్కటే అటు చుక్కకీ ఇటు పందికొక్కుకీ పనికి రావాలి.

మా అత్తగారు విని ముక్కున వేలేసుకుంది. "కోతి ఆంజనేయస్వామిది, ఉడత రాములవారిది, ఎలుక వినాయకుడిది. ఇక నువ్వు కొట్టడానికి మిగిలిందేంట్రా?" అంది. "పందికొక్కు ఎవరిదో నువ్వే చెప్పమ్మా" అన్నాడీయన. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది మీ మేనమామది, అచ్చం అలాగే తింటాడు, కొట్టుకో" అంది.

బెజవాడ కొట్లో ఇద్దరం కూర్చుంటే, కొట్టాయన రెండు రైఫిళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. తూటా రెండిటికీ ఒకటే, తేడా అంతా గొట్టం పొడుగులోనే, ఒకదానికంటే ఒకటి జానెడు ఎక్కువ. పొడుగుదానికి గురి చూసే వెనక గాడికీ ముందు మొనకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి వెంట్రుకవాసి తప్పినా కంటికి తెలిసిపోతుందనీ, బరువు ముందుకి ఉండడంతో చెయ్యి వణకదనీ, చప్పుడు కూడా కాస్త మెత్తగా ఉంటుందనీ చెప్పాడాయన. పొట్టిది తేలిక, పొదల్లో తోటల్లో తిప్పుకోవడానికి వీలు, కాకపోతే చెవుల్లో గట్టిగా పేలుతుంది, అట్ట మీద గురికి ఇంకాస్త సాధన కావాలి. దెబ్బ బలంలో మాత్రం పెద్ద తేడా ఏమీ ఉండదన్నాడు. మా ఆయన పొడుగుదాన్ని భుజానికి ఆనించుకుని ఎంతకీ దింపడే! పెళ్ళిచూపుల్లో నా వంక కూడా అంతసేపు చూడలేదు. పక్కన నేను, తోటలో తిరిగేది కూడా చూసుకోండి అని గొణుగుతూనే ఉన్నాను.

ఆ గొణుగుడికే కాబోలు, వెంటనే కొనలేదు. రెండిటి పొడుగూ పురికొసతో కొలుచుకుని ఇంటికొచ్చాం. వెదురుబద్దలు రెండు నేనే ఆ కొలతకి నరికిచ్చాను. ఒక్కొక్కదాన్నీ తుపాకీలా పట్టుకుని ఆయన సాలు వెంబడి కొమ్మల కింద నడవడం, ఎక్కడ తగులుతోందో వెనక నుంచి నేను చూడడం. పొట్టిదీ తగల్లేదు, పొడుగుదీ తగల్లేదు. "చూశావా, అనవసరంగా గొణిగావు" అన్నాడు. నిజమే కదా అని నేనూ ఒప్పుకున్నాను. ఆ వారంలోనే పొడుగుది ఇంటికొచ్చింది.

మేం కొలిచింది తొలకరి రోజుల్లోనండీ. బంగినపల్లీ, రసాలూ, ఆఖరికి కలెక్టర్ కాయ కూడా దిగిపోయి బండ్లెక్కి వెళ్ళిపోయాక, బరువు దిగిన కొమ్మలన్నీ హాయిగా పైకి లేచి ఉన్నప్పుడు. ఇద్దరం మామిడి నీడలో పుట్టి పెరిగినవాళ్ళం, కాపు మీద కొమ్మ ఎంత కిందికి దిగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలవాళ్ళం, ఆ పూట మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మళ్ళీ వైశాఖం వచ్చేసరికి కొమ్మలు మోకాళ్ళ దాకా వంగాయి. ఆయన వంగి నాలుగు అడుగులు వేస్తే గొట్టం కొస పోయి గుత్తికి తగిలేది. తొడిమ విరిగిన కాయ సరే, అది పోతే పోయింది, దాని సొన కారి కిందున్న కాయలన్నిటి మీదా పడి నల్లటి చారలు కట్టేది. నూజివీడు మండీలో చార పడ్డ కాయని ఎలా చూస్తారో, పక్కకి ఎలా విసిరేస్తారో మీకు తెలియనిది కాదు. పందికొక్కు తిన్నదానికంటే మా రైఫిలు పాడుచేసిందే ఎక్కువయింది. మార్చుకుందామంటే లైసెన్సు కాగితంలో ఈ తుపాకీ నంబరే ఎక్కింది, మళ్ళీ మొదటి నుంచీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. మూడు పూటలు ఆయన సరిగా అన్నం తినలేదు. తుపాకీని క్లబ్బులోనే ఉంచేసి తోటలో పందికొక్కులకి మందు పెట్టుకుందామన్నాడు. ఆ మొహం చూడలేక నేనే కొమ్మలకి ఆనించే పొడుగాటి పంగలకర్ర ఒకటి తీసుకుని, పదండి అన్నాను.

అప్పటి నుంచీ అదే మా నడక. సాయంత్రం ఎండ దిగాక ఆయన గొట్టం నేలకి వంచి పట్టుకుని నడిచేవాడు, నేను ఆయన పక్కనే పంగలకర్రతో కొమ్మ ఎత్తేదాన్ని, ఆయన దూరి అటు వెళ్ళాక మెల్లగా దించేదాన్ని. అటు తుపాకీ పేలగానే ఆయన తిరిగి రావడానికి మళ్ళీ ఎత్తేదాన్ని. ఎత్తు, దించు, ఆగు. ఆయన అనేది ఆ మూడు మాటలే, అంతకుమించి మాట్లాడితే పందికొక్కు కన్నంలోంచి బయటికి రాదు. కాయలు కోసే ఆడవాళ్ళు చూసి, "ఏంటమ్మగోరూ, అయ్యగారికి గొడుగు పడుతున్నారా?" అని నవ్వేవాళ్ళు. "ఎండకి కందిపోతారని" అనేదాన్ని నేను. కాపుకి కాపుకి నా భుజం అరుగుతూ వచ్చింది, ఆయన అట్ట మీద చుక్క కొట్టడం మాత్రం మానలేదు. క్లబ్బులో అంతా ఆ రైఫిలుని చేతులు మార్చుకుని మరీ చూసేవారట. ఆ మాట చెబుతూ రాత్రి నా భుజానికి కొబ్బరినూనె రాసేవాడు. పొట్టిదే కొని ఉంటే ఒక్కడే తిరిగేవాడు కదా అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం తిట్టుకుంటూనే ఎత్తాను.

నిన్న మా మరిదిని అడిగాను, నీ పేరున రాయిస్తే తోటలోకి తీసుకెళతావా అని. "తోటలోకెందుకు వదినా, హాల్లో పెడతాను, వచ్చినవాళ్ళు చూస్తారు" అన్నాడు. ఇన్నాళ్ళూ తేలనిది ఆ ఒక్క మాటతో తేలిపోయింది, హాల్లో బొమ్మలా పెట్టడానికైతే ఇవ్వబుద్ధి కాలేదు. ఇవాళ పొద్దున్నే అతన్నే తోడు తీసుకుని ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళి అప్పగించేశాను.

అక్కడి కుర్రాడు కాగితం రాసుకుంటూ టేపు పెట్టి గొట్టం కొలిచాడు. "మామిడి తోటకి ఇంత పొడుగుది తీసుకున్నారేంటమ్మా, చూసుకోలేదా?" అన్నాడు.

"చూసుకున్నాం బాబూ. కాయలు కోసేశాక చూసుకున్నాం" అన్నాను.

వచ్చేటప్పుడు తోట దగ్గరే దిగిపోయాను. ఇప్పుడు కాపు మీదుంది, పెద్దరసం కొమ్మ దారికి అడ్డంగా నేల మీదికి వచ్చేసింది. కొమ్మ ఎత్తేవాళ్ళూ లేరు, దూరి వెళ్ళేవాళ్ళూ లేరు. మనుషులు చెయ్యాల్సిన కాపలా చెట్టుకి కట్టిన డబ్బా చేస్తోంది, దానికి గొట్టం లేదు, కాయకి తగిలే బాధా లేదు, బాగానే ఉంది. ఎత్తుదామంటే భుజం లేవలేదు. కాయలకి తగలకుండా నేనే వంగి, ఆ కొమ్మ కింది నుంచి మెల్లగా ఇవతలికి వచ్చాను. వచ్చాక అలవాటు కొద్దీ ఆగి వెనక్కి చూశాను, ఇంకెవరో దూరి రావాల్సి ఉన్నట్టు. మైకు పేలింది. ఒక్క పిట్ట కూడా లేవలేదు.