వానకోటు లోపలి తడి

రండి, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. బయట వాన పడుతోంది, నా గొంతు అంత దూరం వినపడదు. వానకోటు సంగతి చెబుతాను.

మా ఇంటాయన తిరుమల ఘాట్ రోడ్డులో ఇరవై ఏడేళ్లు బస్సు నడిపాడు. కార్తీకంలో మబ్బు దిగివచ్చి రోడ్డు మీదే కూర్చుంటుంది. వెనక బస్సు నిండా జనం గోవిందా అంటుంటే డ్రైవరు మలుపును చూడాలిగానీ మబ్బును చూడకూడదు. ఆ బాకీ ఏదో తీర్చుకోవాలన్నట్టు, రిటైరైన ఏడాదే సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొన్నాడు. వాన పడితే చాలు, అలిపిరి మెట్లెక్కి పోయేవాడు. మెట్లదారికి కప్పు ఉందిగానీ, కప్పు కింద నిలబడితే కప్పే ఫోటోలో పడుతుంది. బయటికి రావాలి. వచ్చి తడిసేవాడు.

పోయిన ఏడాది అలా తడిసి వచ్చి ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. పది రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. మళ్లీ ఛాతీకి చలి తగలనీయొద్దని డాక్టరు చెప్పాడు. కార్వేటినగరంలో ఉండే మా కూతురు వచ్చి మంచం పక్కన నిలబడింది.

“మళ్ళా ఒక్కసారి తడిసి ఇంటికొచ్చినావంటే నాయనా, ఆ కెమెరా బీరువాలో పెట్టి బీగంచెవి నేను ఎత్తుకోని పోతా. ఇప్పుడే సెప్తాండా.”

“ముందు ఆఫీసర్లు మెమోలిచ్చేటోళ్ళు. ఇప్పుడు కూతురు ఇస్తాండాది,” అన్నాడు ఆయన. నవ్వాడుగానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. కెమెరా పోతే ఆ మనిషి వాకిట్లో కుర్చీకి అతుక్కుపోతాడని నాకు తెలుసు. కూతురు ఊరికే అనే పిల్ల కాదనీ తెలుసు. అందుకని తడవని కోటు కొనే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఆయనకు వదిలేస్తే రంగు చూసి కొంటాడు.

బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద కోట్లు కుప్ప పోసి అమ్మే ఆయన దగ్గరికి పోయాను. కూతురు ఫోన్లో చెప్పిన మాటే అడిగాను.

“మా ఆయనకు తడవని జాకెట్టు కావాలప్పా.”

“జాకెట్లు ఎదురంగట్లో కుడతారు పెద్దమ్మా. అయినా ఆయనకెందుకు జాకెట్టు? రైక తొడిగి యాడికి పంపిస్తావు?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాన్ని వానకోటు అనే అంటాం.

నేను ఏ గుడ్డనైనా నీళ్లు పోసే కొంటాను. వడగట్టే గుడ్డ కొన్నా అంతే, గొడుగు కొన్నా అంతే. కోటు చేతిని దొన్నెలా పట్టుకోమని, సీసాలో నీళ్లు గ్లాసెడు పోశాను.

“ఏంది పెద్దమ్మా, కోటు కొంటావా, కాఫీ వడగడతావా?”

“వడగట్టకపోతేనే కొనేది. కదలకుండా పట్టుకో.”

ఒక్క చుక్క కిందికి రాలేదు. లోపల రబ్బరు పూత ఉంది, మందంగా, నూనెగుడ్డలా. ధర కూడా చవక. గెలిచినట్టే ఇంటికి వచ్చాను.

ఆ వారమే వాన పట్టింది. ఆయన కోటు తొడుక్కుని మెట్లెక్కి పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. కోటు విప్పితే లోపల చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. పిండితే నీళ్లు కారేట్టుంది.

“ఏమయ్యా, కారిందా?”

“లే. బయట చుక్క బయటే ఉండాది.”

“మరి ఈ తడేంది?”

“నాదే. గాలిగోపురం కాడికి పోయేలోపల ఉడికిపోయినా. కెమెరా కోటు లోపల పెట్టుకుంటే దాని అద్దానికీ ఆవిరి పట్టె. ఒక్క ఫోటో రాలా.”

“తడి తడే గదయ్యా. పాప ఏమని చెప్పింది?”

“వానకు తడిస్తేనే లెక్క. చెమటకు కాదు.”

“‘తడిసి’ అనింది. ‘వానకు’ అన్లా.”

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. “నాయన తడిసినాడామ్మా?” అని సూటిగా అడిగింది. “ఒంటి మీద ఒక్క వాన చుక్క పడలేదమ్మా,” అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన రెండు రోజులు దగ్గాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా ఆ గ్లాసెడు నీళ్లు నాకు గుర్తొచ్చాయి.

మూడో రోజు పొద్దున ఇడ్లీ పాత్ర మూత తీశాను. మూత అడుగున బొట్లు బొట్లుగా నీళ్లు, పై వరస ఇడ్లీల మీద కారుతున్నాయి. మూతకు గుడ్డ కట్టడం మర్చిపోయాను. మూతకు చిల్లి లేదు, పైనుంచి ఎవరూ నీళ్లు పోయలేదు. అయినా లోపల వాన. మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. నీళ్లు లోపలికి వస్తాయా అనే చూశానుగానీ, ఆవిరి బయటికి పోతుందా అని చూడలేదు.

ఈసారి ఆయన్నీ, పాత కోటునూ, ఫ్లాస్కు నిండా కాఫీనీ వెంటబెట్టుకుని, కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే షాపుకు పోయాను. షాపు ఆయన నెమ్మదస్తుడు. మూడు రకాలు తీసి పరిచాడు.

“ఇది చినుకులకు ఆగుతాదమ్మా, జడివానకు ఆగదు. కుట్ల గుండా దిగుతాది. ఇంకోటి ఫారిన్‌ది, బ్రహ్మాండం. ధర మాత్రం సూడొద్దు.”

చూశాను. ఆ ధరకు ఇంకో పాత కెమెరా వస్తుంది. మూడోది మధ్యరకం. తిరగేసి చూపించాడు. లోపల ప్రతి కుట్టు మీదా పట్టీ అతికించి ఉంది. చంకల కింద జిప్పులు ఉన్నాయి, ఎక్కేటప్పుడు తెరుచుకోవచ్చు. తలకప్పుకు ముందు చూరులాగా అంచు ఉంది, నీళ్లు కళ్ల మీదికి కారవు. కెమెరా మెడలో వేసుకుని పైన తొడిగినా పట్టేంత వదులుంది.

నేను ఫ్లాస్కు మూతలో పొగలు కక్కే కాఫీ పోసి, దాని మీద పాత కోటు బిగించి పట్టి, నా కళ్లద్దాలు తీసి పైన ఆనించాను. అద్దం తేటగానే ఉంది. మధ్యరకం కోటు పట్టాను. కాసేపటికి ఆవిరి కోటు దాటి వచ్చి అద్దం సన్నగా మసకబారింది.

“ఇన్నేండ్లలో నా షాపులో కోటుకు కాఫీ తాపినోళ్ళు లేరమ్మా,” అన్నాడు షాపు ఆయన.

“దానికైతే పోసినావు. నాకేదీ?” అన్నాడు మా ఆయన.

చన్నీళ్ల పరీక్ష కూడా కుట్టు మీదే చేసి, దాన్నే తీసుకున్నాం. ఉతకడానికి బండకేసి బాదితే ఆ పట్టీలు ఊడతాయని షాపు ఆయన రెండుసార్లు చెప్పాడు. నా చేతులు చూసి చెప్పి ఉంటాడు.

తర్వాతి వానకు కూతురు ఇంట్లోనే ఉంది. ఆయన కొత్త కోటు తొడుక్కుని మెట్లెక్కి పోయాడు. ఆయన వచ్చాక గడప దగ్గరే నిలబెట్టి, కోటు లోపలికి చెయ్యి పెట్టి వీపు తడిమింది. నేను వంటింట్లో నుంచి చూస్తున్నాను.

“వీపు పొడిగానే ఉండాది. మెడకాడ తడేంది?”

“ఫోటో కోసరం తలకప్పు తీసినా. అది నా తప్పు, కోటుది కాదు.”

కూతురు కెమెరా అందుకుంది. బీరువాలో పెడుతుందేమో అనుకున్నాను. తుడిచి, ఫోటో చూసింది. మలుపులో తెల్లటి మబ్బు, అందులోంచి దిగే బస్సు దీపాలు రెండు.

“ఈ మలుపులో ఇన్నేండ్లు బ్రేకు తొక్కినా పాపా. నిలబడి సూసింది ఈ పొద్దే.”

అమ్మాయి చాలాసేపు చూసింది. “మళ్ళా తలకప్పు తియ్యబాక నాయనా,” అని కెమెరా ఆయన చేతికే ఇచ్చి, తల తుడుచుకోమని టవలు తెచ్చింది.

మొదటి కోటు చెమట సంగతి ఆ పిల్లకు ఇంతవరకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. మీ ఇంటివాళ్లు ఏ వానలో తిరిగినా ఆరిన వీపుతో గడప తొక్కాలి. వాళ్లు వచ్చేసరికి మీ పొయ్యి మీద నీళ్లు కాగుతుండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.