కృపామణి పెట్టిన గుర్తులు

బండి తాళం కనబడలేదని విజయ్ కుమార్ పొద్దున్నే పెళ్ళాం జుట్టు పట్టుకుని తల ద్వారబంధానికేసి కొట్టాడు. కృపామణి చెయ్యి అడ్డం పెడితే మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక కలుక్కుమంది. తీరా చూస్తే తాళం అతగాడి చొక్కా జేబులోనే ఉంది. దొరికిందన్న సంబరంలో అదే బండి మీద ఆమెను ఆఫీసు దగ్గర దింపి, "సాయంత్రం వస్తాలే" అని ఈల వేసుకుంటూ పోయాడు మహానుభావుడు.

చిత్తూరులోని ఆ ఆఫీసువాళ్ళు సత్యవేడు పల్లెల్లో ఆడవాళ్ళ కాపురాల మీద సర్వే చేస్తున్నారు. ఆ ఆడవాళ్ళు చెప్పిన మాటలు చదివి ఏది హింసో, ఏది మామూలు గొడవో ఏఐ తేలుస్తుంది. దాన్ని నమ్మొచ్చో లేదో చూడ్డానికి అక్కడ పనిచేసే కృపామణి, దేవరాజులు అవే మాటలు విడివిడిగా చదివి హింస అనో, గొడవ అనో గుర్తు పెడతారు. ఇద్దరి గుర్తూ కలిస్తే అదే నిజం. ఏఐ వేరేగా చెబితే తప్పు దానిదే. పెళ్ళైన నాటి నుంచీ తన్నులు తింటున్న మనిషిని తూకం రాయిగా పెట్టుకున్నామని అక్కడ ఎవరికీ తెలియదు. ఆమెకీ తట్టలేదు.

ఆ రోజు పరిశోధకురాలు జాహ్నవి ఏఐకీ వీళ్ళిద్దరికీ తేడా వచ్చిన మాటలు చదువుతోంది. అందులో ఒక రైతు భార్య చెప్పింది ఇది: "మోటారు ఆపేది మరిసినానని పలుపుతాడుతో రెండు తగిలించినాడు. ఈపు సిట్లిపాయ. మనిషి మంచోడేమ్మా."

"ఏఐ దీన్ని హింస అంది. మీరిద్దరూ గొడవ అన్నారు. అంటే ఏఐదే తప్పు కదా?"

"అవును మేడం. ఇండ్లల్లో ఉండేదే గదా" అన్నాడు దేవరాజులు.

కృపామణి కూడా తలూపి, మౌస్ పట్టుకోబోయి కెవ్వుమంది. మణికట్టు నల్లగా కమిలి వాచిపోయింది.

"ఏమైంది?" జాహ్నవి లేచి వచ్చింది.

"ఏం లేదు మేడం. తాళం కనపడలేదని రెండు తగిలించినాడు. మనిషి మంచోడే."

అనేసి తల తిప్పింది. తెర మీద అవే మాటలు. వీపు చిట్లిన ఆడదాన్ని తన చేత్తోనే గొడవలోకి తోసేసింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఆ క్షణాన మొగుడు ఎదురుగా ఉంటే కుర్చీ ఎత్తి తల పగలగొట్టేదే.

"తప్పు ఏఐది కాదు మేడం, నాది. నేను పెట్టిన గుర్తులన్నీ కొట్టేయండి. మళ్ళా మొదట్నుంచీ పెడతాను."

"సరే. ఎవరిది ముందు తీయమంటావు?"

"నాది." కృపామణి వాచిన చేతిని బల్ల మీద పెట్టింది. "హింస అని రాయండి. సాయంత్రం వస్తానని పోయినాడు. రానీండి. స్టేషన్లో సెప్పేసి వచ్చి, పోలీసోళ్ళతో ఈడనే కాసుకొనుంటాను."