వెనక్కి తగ్గినవాడు

ఉధ్నాలో మగ్గాల కార్ఖానాకు కాపలా ఉంటున్న రాజమల్లు ఒకప్పుడు సైన్యంలో బాంబులు తీసే దళంలో పనిచేశాడు. ఆ దళం మీద తీసిన సినిమాకు అవార్డులొచ్చాయని తెలిసి భార్య జమునను తీసుకెళ్లాడు. కథ ఇచ్చింది దళంలో తన పాత జోడీ బల్‌దేవేనని తెరమీద పడగానే చప్పట్లు కొట్టాడు.

బాంబు దగ్గరికి ఒక్కడే పోవాలి, రెండోవాడు వెనక్కి తగ్గాలి. అది దళం నియమం. ఒకసారి బాంబు దొరికిన రోజు "పీఛే జా", వెనక్కి పో అని రాజమల్లును గద్దించింది బల్‌దేవే. సినిమాలో మాత్రం రాజమల్లు పేరు పెట్టుకున్నవాడు జోడీని వదిలేసి ఏడుస్తూ పరుగెత్తాడు. హాలంతా నవ్వింది.

"గా ఉరికినోడు నువ్వేనా?" అంది జమున.

"పొమ్మన్నోడే నట్టేట ముంచిండు" అన్నాడు.

జమున తలూపింది. కానీ ఆటోలో ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.