చివరి కిటికీ దాటేదాకా

గదికి లోపల గడియ పెట్టుకుని, ఒళ్లంతా జ్వరంతో కాలిపోతుంటే లేచి గుక్కెడు నీళ్లు ముంచుకునే ఓపిక కూడా లేక, నేను పోయినా ఎవరికీ తెలియదు కదా అని ఏడుస్తూ పడి ఉన్నదాన్ని, ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు మీకు నా సాక్ష్యం రాస్తున్నానంటే అది నా గొప్ప కాదు, దేవునికే మహిమ!

నా పేరు సుగుణ. మాది కొత్తూరు. మా అమ్మ పోయాక నాకంటూ ఎవరూ మిగల్లేదు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో ఒక చిన్న విమాన కంపెనీ పెట్టారు. సెలవులకు పోయే కుటుంబాలను గుంపుగా గోవాకు తీసుకెళ్లి తీసుకొచ్చేది. ఉన్నవి రెండే విమానాలు, అవీ కిరాయికి తెచ్చినవే. వాటిలో చెత్త ఏరి సీట్లు తుడిచే పని నాకు దొరికితే, దగ్గర్లోనే మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను.

మా కంపెనీకి ఒక పద్ధతి ఉండేది. విమానం కదిలేటప్పుడు కింద పనిచేసే మేమంతా వరుసగా నిలబడి చేతులు ఊపాలి. మాకు పెద్ద, రావిర్యాల యాదగిరన్న. మొదటి రోజు నేను కాసేపు ఊపి చెయ్యి దించేస్తే ఆయన కసిరాడు. "ఏందమ్మా, గట్ల దించుతవ్? ఆఖరి కిటికి దాటేదాంక చెయ్యి లేపే ఉంచాలె. ఎన్క సీట్ల కూసున్నోళ్లు గూడ మనోళ్లే, ఆళ్లు జూస్తుంటరు!"

నిజంగానే చూసేవారండీ! పిల్లలు అద్దాలకు ముక్కులు ఆనించి తిరిగి చేతులు ఊపుతుంటే నా కడుపు నిండిపోయేది, నాకు వాళ్లే చుట్టాలు. సెలవుల్లో సీటు దొరకడమే గగనమై, మూడో విమానం కూడా తెస్తానని మా కంపెనీ యజమాని సార్ అందరికీ మిఠాయిలు పంచాడు. ఆదివారాలే మాకు రద్దీ కాబట్టి, నేను చర్చిలో వెనక వరుసలో కూర్చుని ముగింపు ప్రార్థనకు ముందే డ్యూటీకి పరుగెత్తేదాన్ని, అక్కడ నా పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

తర్వాత రోజులు తిరగబడ్డాయి. ఇంధనం ధర పెరిగింది, బందులతో జనం ప్రయాణాలు మానుకున్నారు, పెద్ద కంపెనీలు టికెట్లు చౌక చేశాయి. మూడో విమానం మాట దేవుడెరుగు, ఉన్నవాటిలో ఒకదాన్ని దాని సొంతదారులు వచ్చి తీసుకుపోయారు. రెండోదాన్ని ఒక మూలన నిలిపేశారు. మావాళ్లంతా తలో దిక్కూ వెళ్లిపోతే, యాదగిరన్న కూడా ఊరికి పోయి పొలం చూసుకోసాగాడు. నిలబెట్టిన విమానానికీ దుమ్ము పడుతుంది కాబట్టి తుడవడానికి నన్నొక్కదాన్నే ఉంచారు. ఏరడానికి ఒక చాక్లెట్ కాగితం కూడా లేని ఆ ఖాళీ సీట్లలో కూర్చుని సద్ది తింటుంటే, నా నమిలే చప్పుడు నాకే వినిపించేది. ఒంటరితనం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది, సహోదరులారా!

ఒకరోజు ఆ విమానాన్ని కూడా తీసుకుపోయారు. పైలట్లు తప్ప లోపల ఎవరూ లేరు. నేనొక్కదాన్నే నిలబడి చివరి కిటికీ దాటేదాకా చెయ్యి ఊపాను. ఒక్క చెయ్యి కూడా తిరిగి ఊపలేదు. ఆ రోజే నా పనీ పోయింది.

గదికి వచ్చి పడ్డాను. వంట మానేశాను, బయటికి రావడం మానేశాను. పక్క మేడ మీద బట్టలు ఆరేసే అమీనా అక్క "ఏంది చెల్లె, కనిపిస్తలేవు?" అని అడిగితే "ఏం లేదక్కా" అని ముఖం తిప్పుకున్నాను. ఇంతలో జ్వరం కమ్మింది. ఒక మధ్యాహ్నం అరవడానికి గొంతు కూడా రాక, లోలోపలే ప్రార్థించాను: "యేసయ్యా, నన్నెవ్వరు జూస్తలేరు. నువ్వన్న జూస్తున్నవా తండ్రీ? నన్ను ఇడ్సిపెట్టకు, నాకు బతకాలని ఉంది!"

అప్పుడే నెత్తి మీదుగా ఒక విమానం పోయిన చప్పుడైంది. అలవాటుగా నా చెయ్యి కిటికీ వైపు లేచింది. విమానం పోయింది, చప్పుడు కూడా పోయింది, కానీ యాదగిరన్న మాట గుర్తొచ్చి మంచం పట్టీకి మోచెయ్యి ఆనించుకుని చెయ్యి అలాగే ఉంచాను.

తలుపు పగలగొట్టి నన్ను దవాఖానకు మోయించింది అమీనా అక్కే. జావ తాగిస్తూ తర్వాత చెప్పింది. "మొదలు కిటికిల నీ చెయ్యి జూసి, విమానానికి ఊపుతున్నవనుకున్న చెల్లె. బకెట్ ఖాళీ అయితే కిందికి పోయిన. మళ్ల బట్టలు తెచ్చేసరికి గూడ చెయ్యి గట్లనే ఉంది. ఇంక దించలేదేందని నాకు భయమైంది." నా దేవుడు ఎంత మంచివాడు! ఆమె రెండోసారి మేడ ఎక్కేదాకా నా చేతికి బలమిచ్చినవాడు ఆయనే!

ఇప్పుడు నేనొక హాస్టల్లో పని చేసుకుంటున్నాను. ఆరోగ్యం ఇచ్చిన దేవునికి, అక్కను ఇచ్చిన దేవునికి వందనాలు! ఇది చదువుతూ, నన్నెవరు చూస్తారులే అనుకుంటున్న నా సహోదరీ, నా సహోదరుడా, ఆయనను నమ్ము, చెయ్యి మాత్రం దించకు. ఆదివారం మా చర్చికి రా. వెనక వరుసలోనే కూర్చో, ముగింపు ప్రార్థనకు ముందే లేచిపోవాలనిపిస్తే లేచిపో. నేను గేటు దగ్గరే ఉంటాను. మొన్న ఒక చెల్లి అలాగే తల వంచుకుని వెళ్లిపోతుంటే చెయ్యి ఊపాను. ఆమె రోడ్డు దాటింది, నేను దించలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసి, తనూ చెయ్యి ఎత్తింది.