చిన్నాయన వేసిన ఫ్యూజు తీగ

నిజాన్ని కాస్త ఆలస్యంగా చెప్పిన మనిషిని నిజం చెప్పిన మనిషి అనవచ్చా? ఆ ఆలస్యంలో ఇంకొకరి చెంప మీద దెబ్బ పడి ఉంటే? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. పోయిన వారం నంద్యాల నుంచి మా తమ్ముడు నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఫోను చేశాడు. "అక్కా, చిన్నాయన పోయినాడు. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక అడగడానికి మనిషి లేడు కదా అన్న ఆలోచన వచ్చింది. ఏడుపు కంటే ముందు అది వచ్చినందుకు ఫోను పట్టుకునే సిగ్గుపడ్డాను.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. నంద్యాలలో లారీలు ఆగే వీధిలో ఆయనకు కొట్టు ఉండేది. లారీల లైట్లు, హారన్లు, డైనమోలు, బ్యాటరీలు ఆయన పని. తీగ చివర తొడుగును పళ్లతోనే ఒలిచేవాడు. అందువల్ల ముందు పన్ను ఒకటి అరిగిపోయి, నవ్వితే చిన్నపిల్లవాడిలా కనిపించేవాడు. ఎవరింటికి పోయినా గడప దాటగానే స్విచ్చి వేసి చూసేవాడు, ఆ తర్వాతే పలకరింపు. పిన్నమ్మ విసుక్కుంటే, "మనిషి బాగుండేది మొహం జూస్తే తెలుస్తాది. లైటు బాగుండేది వేస్తేనే గదా తెలిసేది" అనేవాడు.

నేను తిరుపతిలో ఎమ్మే చదివే రోజుల్లో సెలవులకు వస్తే, కొట్టు ముందర స్టూలు తుడిచి కూర్చోబెట్టి, "మా పాప ఇంగిలీషులో ఎమ్మే" అని డ్రైవర్లకు చెప్పుకునేవాడు. ఒక డ్రైవరు, "అట్లయితే మా లారీతో ఇంగిలీషులో ఒక మాట మాట్లాడమనన్నా. తెలుగులో ఎంత తిట్టినా స్టార్టు కాలేదు" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నాయనే.

ఆ వీధిలో ఒక అలవాటు ఉండేది. ఫ్యూజులో ఉండేది సన్నని తీగ. ఎక్కడైనా తీగలు ఒరుసుకుని కరెంటు ఎక్కువైతే ముందు అది కరిగి తెగిపోయి, తక్కినదాన్ని కాపాడుతుంది. డ్రైవర్లకు అది గిట్టేది కాదు. గిద్దలూరు పోయే నల్లమల ఘాటులో, మలుపు మీద ఉన్నట్టుండి లైట్లు ఆరిపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అందుకని కొట్ల వాళ్లు ఆ సన్న తీగ తీసేసి, రాగి పోగులు రెండు మూడు మెలేసి పెట్టేవారు. చిన్నాయన మెలేసిన తీగ ఎన్నటికీ పోదని పేరు. "దావలో లైటు ఆరకూడదు పాపా. తక్కినవన్నీ ఊరు చేరినాక చూసుకోవచ్చు" అనేవాడు. బండి ఎక్కే ముందు ఆ ఫ్యూజు పెట్టెకు దండం పెట్టుకునే డ్రైవర్లను నేను చూశాను.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం, నేను సెలవులకు వచ్చి ఉండగా, ఆ కొట్టు ముందు విదేశీ వ్యాను ఒకటి ఆగింది. యాభై దాటిన భార్యాభర్తలు. వాళ్ల దేశం నుంచి రోడ్డు మీదనే వచ్చారట. లోపల పరుపు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. పైకప్పును చేత్తో నెడితే ఒక పక్క లేచి నిలబడుతుంది. దాని చుట్టూ కాన్వాసు గుడ్డ గోడలు. ఆ పైన ఒక దీపం, ఒక చిన్న ఫ్యాను. వీధి వీధంతా చేరింది.

"గొడుగు మాదిరి లేస్తాందే."

"అత్తగారింటికి పోయేటప్పుడు ఇట్లాంటిదుంటే ఎంత బాగుండు. పడక మనదే, పొయ్యీ మనదే."

కప్పు లేపినప్పుడల్లా ఫ్యూజు పోతోంది, అదీ జబ్బు. కప్పుతోపాటు తీగ కూడా మడత పడి, కీలు దగ్గర తొడుగు అరిగి, ఇనుముకు తగులుతోందని చిన్నాయన కనిపెట్టాడు. అక్కడ టేపు చుట్టాడు. దీపం వెలిగింది. కప్పు దించి మళ్లీ లేపితే మళ్లీ పోయింది. "ఇంకో తావున గూడ అరిగింది. గుడ్డ లోపల ఉంది. కుట్టు ఇప్పి చూడాల. ఒక రోజు పడతాదని చెప్పు పాపా" అన్నాడు. చెప్పాను. వాళ్లకు ఆ సాయంత్రానికే అహోబిలం చేరాలని ఉంది. ఇప్పటికి ఏదైనా చెయ్యలేరా అని అడిగారు. చిన్నాయన తల గోక్కుని, లారీలకు చేసినట్టే రాగి పోగులు మెలేసి ఫ్యూజులో పెట్టాడు. కప్పు ఎన్నిసార్లు ఎత్తి దించినా దీపం ఆరలేదు. ఆమె చేతులు జోడించింది. "ఇంక ఆరదని చెప్పు" అన్నాడు చిన్నాయన. ఆ మాటా చెప్పాను.

రెండు మూడు రోజుల తర్వాత ఆళ్లగడ్డ బస్సు కండక్టరు కొట్టు ముందు దిగి, "అన్నా, నువ్వు బాగుచేసిన దొరల బండి ఆళ్లగడ్డలో కాలిందంట" అన్నాడు.

"పైన కాలిందంటనా, కింద కాలిందంటనా?"

"పైనే అన్నా. గుడ్డ."

 చిన్నాయన ఇంగ్లీషు కోసం నన్ను వెంటబెట్టుకుని, తిరిగి పోయే అదే బస్సు ఎక్కాడు. 

ఆళ్లగడ్డలో, అహోబిలం నుంచి తిరిగొస్తూ వాళ్లు ఆగిన ప్రయాణికుల బంగళా గోడ పక్కన ఉంది ఆ వ్యాను. కప్పు సగం లేచి ఉంది. ఒక పక్క కాన్వాసు నల్లగా కాలి వేలాడుతోంది. మంట ఆర్పబోయి దొరసాని చెయ్యి బొబ్బలెక్కింది, తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంది. జనం నడుమ ఒక చెంచు మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. షర్బతు చేసే నన్నారి వేర్ల మూట ముందర పెట్టుకుని, అమ్ముకోవడానికి వచ్చి, వ్యాను నీడన కూర్చుని బీడీ కాల్చాడట. తెల్ల చొక్కా వేసుకున్న రైతు ఒకాయన అతన్ని అడుగుతున్నాడు. పొలాలు, మాట చెల్లుబడి ఉన్నవాడని జనం పక్కకు జరిగే తీరులోనే తెలుస్తోంది.

"నీ బీడీనే గదరా?"

"నేను కింద కూచోంటి సామీ. నిప్పు పైకెట్ల పోతాది?"

"నోరు లేస్తాందే ఈనికి."

చిన్నాయన ఎవరినీ పలకరించకుండా వ్యానులోకి ఎక్కాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఫ్యూజు పీకి చూశాడు. ఆయన మెలేసిన పోగులు నల్లబడ్డాయి గాని తెగలేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత పరుపు మీదికెక్కి నిలబడ్డాడు. కాలిన గుడ్డ సందులోంచి ఆయన తల, భుజాలు జనం అందరికంటే పైన కనిపించాయి. కాలిన కుట్టు దగ్గర తీగ తొడుగంతా కరిగి రాగి బయటపడి ఉంది. పనేమీ తెలియని నాకే అది తీగ కాలిన వాసనని తెలుస్తోంది. ఆయన మాత్రం ఆ చోటు దాటి, తీగను చివరి వరకూ జానెడు జానెడు తడుముకుంటూ పోయాడు. నడుమ ఒకసారి తలెత్తి జనం వైపు చూశాడు. మళ్లీ తీగ మీదికి వంగాడు. అప్పుడు పడింది ఆ చెంచు మనిషి చెంప మీద మొదటి దెబ్బ. వెంటనే ఇంకొకటి. అతన్ని ఎందుకు కొడుతున్నారని ఆమె నన్ను అడుగుతోంది. నేను తలెత్తి చిన్నాయన వైపు చూశాను.

"కొట్టగాకండప్పా" అన్నాడు చిన్నాయన పైనుంచి. "బీడీ గాదు. నేనేసిన తీగ."

రైతు తలెత్తి చూశాడు. "నీకెందుకప్పా, మీదేసుకుంటాండావ్? దొరలు పోతారు. ఈడు అడివికి పోతాడు. నీ కొట్టు ఈడనే ఉండాల గదా."

చిన్నాయన జేబులోంచి ఫ్యూజు తీసి అరచేతిలో చూపించాడు. "ఇది తెగాల్సింది. తెగకుండా జేసినా. అందుకే కాలింది. దొరకు గూడ చెప్పు పాపా."

చెప్పాను. దొర పరవాలేదన్నట్టు చిన్నాయన భుజం తట్టాడు. చిన్నాయన కిందికి దిగేసరికి ఆ చెంచు మనిషి మూట ఎత్తుకుని రోడ్డు దాటిపోయాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

చిన్నాయన ఆళ్లగడ్డలోనే ఉండిపోయి, కుట్టు విప్పించి, కొత్త తీగ లాగి, సన్న ఫ్యూజు వేసి వాళ్లను పంపాడు. తిరిగొచ్చాక కొట్టులో పోగులు మెలెయ్యడం మానేశాడు. "ఏందన్నా, నీ ఫ్యూజు పోయి ఘాటులో నిలబడిపోతి" అని డ్రైవర్లు కొట్లాటకొస్తే, "నిలబడితివి గదా, కాలిపోలేదు గదా" అనేవాడు. ఒకరి తర్వాత ఒకరు ఎదుటి కొట్టుకు పోయారు. చివరికి ఆయన లారీలు వదిలి ఇళ్లకు వైరింగు చేసుకుని బతికాడు. మా ఇంట్లోవాళ్లకు అది తలవంపు. "నోరు మూసుకోనుంటే పోయేదానికి" అని మా నాయన ఎన్నిసార్లన్నాడో.

ఆ కథే ఏళ్లు గడిచేసరికి గౌరవమైంది. మొన్న చిన్నాయన్ను చూడ్డానికి వచ్చినవాళ్లంతా అదే చెప్పారు. "దెబ్బ పడకముందే అడ్డం పడినాడంటమ్మా మీ చిన్నాయన" అన్నారు ఒకరు. మా నాయన కూడా తలూపాడు. పడకముందు కాదు, పడినాక. అక్కడున్నవాళ్లలో ఆ తేడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చనిపోయిన మనిషి కాళ్ల దగ్గర కూర్చుని ఆ తేడా లెక్కపెడుతున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. సరిదిద్దనూ లేదు, తలూపనూ లేదు.

ఆయన్ను ఒక్కసారే అడిగాను. మొదట చూసినప్పుడే తెలిసిందా చిన్నాయనా, అని. "చివరిదాంకా జూడకుండా చెప్పేవాడు పనోడు గాదు పాపా" అన్నాడు. చేతిలోని తీగ చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత నన్నే అడిగాడు. "అయినా, చివరిదాంకా ఏమి జూస్తినంటావు?"

ఏటా అహోబిలం తిరునాళ్లకు పోయేవాడు. భక్తి అనుకున్నాను. ఎనభైలలో ఒకసారి నేనూ వెంట పోయాను. ఆయన దర్శనం వరుసలో నిలబడలేదు. చెంచులు తేనె అమ్ముకునే చోట ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచాడు. తల నెరిసిన ఒక మనిషి ముందు ఆగిపోయాడు.

"ఆళ్లగడ్డలో, దొరల బండి కాడ, నిన్ను కొట్టినారే. ఆ తప్పు నాదప్పా."

అతను కళ్లు చిట్లించి చూశాడు. "యా పొద్దు?"

"శానా ఏండ్లాయ. తెల్ల చొక్కా ఆయన కొట్టినాడు."

"తెల్ల చొక్కాలోళ్లు శానామంది కొట్టినారు లేప్పా. నువ్వు యా దెబ్బ చెప్తాండావో." అతని గొంతులో కోపం లేదు. కొనడానికి వచ్చాడనుకుని చిన్నాయన చెయ్యి లాగి, అరచేతిలో కాస్త తేనె వంచి, "రుచి జూడు" అన్నాడు.

చిన్నాయన నాకలేదు, దులపలేదు. చెయ్యి అలాగే చాచి ఎండలో నిలబడ్డాడు. తేనె మణికట్టు దాటి మోచేతి వైపు జారుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజు వ్యానులో నిలబడి చిన్నాయన తీగను చివరి వరకూ తడిమింది పని తెలిసినవాడి జాగ్రత్తతోనా, తన పేరు బయటికి రాకుండా గడిచిపోతుందేమోనన్న ఆశతోనా, నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.