నా పేరుతోనే ముంచు

అందుకే అంటున్నాను, మీరు సుబ్బులక్కని పొగరుబోతు అనేముందు ఒక్క నిమిషం ఆగి నా మాట వినండి. పొగరు లేదని నేను చెప్పబోవడం లేదు. ఉంది. చాలానే ఉంది. ఆవిడతో ఒకే ఇంట్లో ఉంటున్నదాన్ని, నాకు తెలియదా? అమెరికాలో ఈ ట్రాయ్ ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు ఆవిడ గురించి చెప్పుకునే మాటల్లో సగం నిజమే. మిగతా సగం గురించే నా కోపమంతా.

సుబ్బులక్కది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. వాళ్ళన్నయ్య ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి, సిటిజన్ అయ్యాక చెల్లెలి కోసం పిటిషన్ వేశాడు. ఆ కాగితం కదిలి వీసా వచ్చేసరికి అక్క జుట్టు నెరిసిపోయింది, మొగుడు పోయాడు. వచ్చిన రెండో చలికాలానికి అన్నయ్యా పోయాడు. వదిన ఇల్లు అమ్ముకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పనిచేసే ఇండియన్ గ్రోసరీ షాపులోనే అక్క వెనక వంటగదిలో చేగోడీలు, కారప్పూస చేసేది. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే రమ్మన్నాను. జాలితో రమ్మన్నానని అనుకునేరు, అద్దె కోసమే రమ్మన్నాను.

ఆవిడ నోరు గురించి చెప్పాలి. కూరగాయల దగ్గర బెండకాయల కొసలు విరిచి చూసేవాళ్ళుంటారే, వాళ్ళంటే ఆవిడకి పడదు. పిండి చేతులతోనే బయటికొచ్చేది. "ఏందమ్మా, ఇరిచినయ్యన్నీ నువ్వే కొనుక్కెళ్తావా? లేకపోతే ఈసారి మీ ఇంటికొచ్చి మీ చెట్టుకాయలు ఇరుస్తా." పెద్ద డాక్టరుగారి భార్య అని లేదు, కొత్తగా వచ్చిన స్టూడెంట్ అని లేదు. ఓనరు నెత్తి కొట్టుకునేవాడు. కానీ ఆవిడ చేగోడీల కోసం జనం పక్క ఊళ్ళ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళు కాబట్టి ఏమీ అనలేకపోయేవాడు.

మా సహవాసానికి ఆవిడ దేవుణ్ణి వెతుక్కుంటూ రాలేదు. ఆదివారం ఆవిణ్ణి షాపులో దించాలంటే ముందు నా కారు చర్చికి వెళ్ళాలి, అంతే. నా పక్కన కూర్చుని ఆవులించేది. అలా చాలా వారాలు గడిచాక ఒక ఆదివారం మా పాస్టర్ దానియేలు గారు వాక్యం చెబుతూ అన్నారు, దేవుడు మనుషుల్ని అచ్చుపోసి తీయడట, ఒక్కొక్కరినీ తల్లి కడుపులోనే చేత్తో చేస్తాడట, ఎవరి చేత ఏ పని చేయించాలో అనుకునే చేస్తాడట. అక్క ఆవులింత ఆగింది.  

తర్వాత ఆవిడే నన్ను చూసి ప్రార్థన నేర్చుకుంది. పాటలు గొంతెత్తి పాడేది, శ్రుతి ఎక్కడో ఆవిడెక్కడో. పాటల టీమ్‌లో ఉండే త్రివేణి "ఆంటీ, కొంచెం లోపల పాడుకోండి" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. "లోపలున్నాయన లోపలే ఇంటాడు, నువ్వు బయటున్నావని పాడుతున్నా" అంది అక్క. అక్కడ మొదలైంది.

మా సహవాసంలోనే ఉండే స్పందన సంగతితో ఇంకా ముదిరింది. ఆ అమ్మాయికి కడుపులోనే బిడ్డ పోయింది. మా సహవాసం ఆడవాళ్ళందరూ కట్టగట్టుకుని పలకరించడానికి వెళ్ళారు. మంచం చుట్టూ చేరి దేవుని చిత్తం అనీ, ఏడవకూడదు, విశ్వాసం బలహీనపడుతుంది అనీ తలా ఒకటి చెబుతున్నారు. ఆ పిల్ల ఏడుపు బిగబట్టి తల ఊపుతోంది. అక్క గంజి కాచి తెచ్చి గుమ్మంలో నిలబడింది. "లెగండి, లెగండి అందరూ. బిడ్డని పోగొట్టుకున్నదాన్ని ఏడవనియ్యరా? దేవుడి పేరు చెప్పి నోరు నొక్కుతారా? బయటికి నడవండి." అందర్నీ చెప్పుల దాకా తరిమింది. తలుపేసుకుని ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. స్పందన ఏడుపు వాకిట్లోకి వినిపించింది. ఆ రోజు గెంటించుకున్నవాళ్ళెవరూ ఇప్పటికీ అక్కని క్షమించలేదు. స్పందన మాత్రం తన సొంత అమ్మకి ఫోన్ చేయకపోయినా అక్కకి చేస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వేసవిలో అక్క బాప్తిస్మం తీసుకుంటానంది. ఆవిడ జీవితంలో నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అదొక్కసారే. మా సహవాసంలో ఒక పద్ధతి ఉంది. పుట్టుకతో క్రైస్తవులు కానివాళ్ళు బాప్తిస్మం నాడు పాత పేరు వదిలేసి బైబిల్ పేరు పెట్టుకోవాలి. పాస్టరు గారు మా ఇంటికి వచ్చి, అక్కకి లూదియ అనే పేరు ప్రార్థనలో వచ్చిందని చెప్పారు.

"నాకేమీ రాలేదే ప్రార్థనలో" అంది అక్క.

"ఆంటీ, కొత్త జీవితం, కొత్త పేరు. సింపుల్."

"పాతదానికి ఏమైంది? చిరిగిందా?"

"అది నాగదేవతకి మొక్కి పెట్టిన పేరు కదా ఆంటీ. ఆ బంధకం తెగాలి."

అక్క చేతిలో కాఫీ గ్లాసు టేబుల్ మీద పెట్టింది. "మా అమ్మకి నా ముందు పుట్టినోళ్ళు పుట్టినట్టే పోయారు. పుట్టలో పాలు పోసింది. ఇంకేం చేసిద్ది? ఆమెకి తెలిసిన గడప అదొక్కటే. ఆమె ఏ తలుపు తట్టినా, లోపల్నించి నన్ను ఇచ్చిందెవరో నువ్వే చెప్పావు గదయ్యా! చేత్తో చేశాడన్నావు. చేసినోడికి నన్ను ఏమని పిలుస్తారో తెలవకుండానే చేశాడా?"

"అలా కాదు ఆంటీ..."

"సరే, నిన్ను ఆఫీసులో ఏమంటారు?"

పాస్టరు గారు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. సంఘం పని ఆదివారం, బుధవారం. ఆయన నావైపు చూశారు. నేను పొయ్యివైపు చూశాను.

"పాస్‌పోర్ట్‌లో కోటేశ్వరరావనే ఉంది ఆంటీ. ఆఫీసులో కోటి అంటారు. హెచ్‌వన్‌బీ, గ్రీన్‌కార్డ్ ఫైలింగ్ మధ్యలో ఉన్నాయి. నేమ్ చేంజ్ అంటే అన్నీ మళ్ళీ మొదట్నుంచి..."

"అంటే గవర్నమెంటుకి భయపడి నువ్వు కోటేశ్వరుడి పేరు ఉంచుకోవచ్చు. మా అమ్మ మీద ప్రేమతో నేను ఉంచుకోకూడదు. అంతేగా?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఇక్కడ ఆయన గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ బైబిల్ పేరు ఆయనకి ఊరికే రాలేదు. దానియేలు అని పెట్టుకున్నరోజు వాళ్ళ నాన్న ఆయన్ని కట్టుబట్టలతో గెంటేశాడు. తల్లి చావుకి కూడా రానివ్వలేదు. అంత పోగొట్టుకుని సంపాదించుకున్న పేరు. ఎవరైనా దాన్ని తేలిగ్గా తీసేస్తే మండుతుంది. నాకు అర్థమవుతుంది. అయితే తనకి తగిలిన దెబ్బే అందరికీ తగలాలంటే ఎలా?

"ప్రార్థన చేసుకోండి ఆంటీ. దేవుడు మీ మనసు మారుస్తాడు" అని లేచి వెళ్ళిపోయారు. అక్క ఒప్పుకోలేదు. పదిమందిలో ఒప్పుకుంటుందిలే అని ఆయన అనుకున్నట్టున్నారు. అది ఆయన చేసిన తప్పు.

ఆగస్టులో లేక్ దగ్గర పార్కులో పైకప్పున్న పిక్నిక్ షెల్టర్ బుక్ చేశారు. బాప్తిస్మం అంటే మా వాళ్ళకి సగం పిక్నిక్ కూడా. అక్క తెల్లవారకముందే లేచి చికెన్ బిర్యానీ వండింది, పెద్ద పెద్ద అల్యూమినియం ట్రేలలో. తర్వాత తెల్ల చీర కట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. పవిట భుజాల చుట్టూ బిగించి కప్పుకుంది. "చలా అక్కా?" అంటే "మూసుకుని బండి నడుపు" అంది.

నీళ్ళు నడుముదాకా ఉన్నచోట పాస్టరు గారు నిలబడ్డారు. ఒడ్డున పాట. అక్క వంతు వచ్చింది. నీళ్ళలోకి నడిచి వెళ్ళింది. ఆయన అక్క తల మీద చెయ్యిపెట్టి గట్టిగా అన్నారు, "లూదియా, నీ పాపములను ఒప్పుకుని..."

అక్క వెనక్కి తిరిగి చూసింది. "లూదియ ఎవరయ్యా? ఇక్కడ నేనే ఉన్నా."

పాట ఆగిపోయింది.

"ఆంటీ, ప్లీజ్. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నా పేరుతోనే ముంచు. లేదంటే చెయ్యి తియ్."

"నా మనస్సాక్షికి విరుద్ధంగా నేను చేయలేను ఆంటీ." 

"నాదీ మనస్సాక్షేనయ్యా. చెరువుగట్టున వదిలేసి రాలేదు" అని చెయ్యి తప్పించుకుని ఒడ్డుకి వచ్చేసింది. సగం చీర తడిసింది, సగం పొడిగా ఉంది. తల మీద ఒక్క చుక్క పడలేదు.

టవల్ పట్టుకుని నేనొక్కదాన్నే ఎదురెళ్ళాను. త్రివేణి అందరికీ వినపడేలా అంది, "ఇంత అహంకారం పెట్టుకుని రక్షణ ఎలా వస్తుందండీ? మొండిరాయి."

"రాయినైనా ఆయనే చేశాడమ్మా" అంది అక్క. "ప్లేట్లు తీయండి. బిర్యానీ చల్లారిపోద్ది."

ఆ తడి చీరతోనే గరిట పట్టుకుని అందరికీ వడ్డించింది. పాస్టరు గారి పిల్లలకి మంచి ముక్కలు ఏరి వేసింది. త్రివేణికి మాత్రం మెడముక్క వేసింది. నేను చూశాను.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ మీద నాకూ మండిపోయింది. "ఒక్క నిమిషం ఊరుకుంటే అయిపోయేది కదక్కా. తర్వాత ఎవరు ఏమని పిలిస్తే ఏంటి?"

"ఊరుకునేదాన్నే అయితే ఆయన నాకీ నోరెందుకు ఇస్తాడే?" అంది. కిటికీవైపు తిరిగింది. ఏడుస్తోందని భుజాలు చూసి తెలుసుకున్నాను. "మా అమ్మ పిలిచిన పేరుతో పోతేనే గదే ఆయనకి నేనే వచ్చానని తెలిసిద్ది" అంది.

ఆయనకి తెలియదా అక్కా, అని నేను వాదించవచ్చు. వాదించలేదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, వాక్యం విడమర్చి చెప్పడం నాకు రాదు. నాకు తెలిసింది ఇదీ. దేవుడు ఈ మనిషిని మెత్తగా చేయాలనుకుంటే చేసి ఉండేవాడు. పిండి ఆయన చేతిలోదే. కావాలనే కరుకుగా చేశాడు. స్పందన మంచం దగ్గర మెత్తని వాళ్ళందరూ ఉన్నారు, ఏం ఒరిగింది? మా సహవాసంలో మాత్రం అందరూ ఒకే గొంతుతో, ఒకే నవ్వుతో, ఒకే ప్రార్థన చేయాలి. అచ్చు వద్దని పైన స్టేజి మీద చెబుతారు, కిందకి దిగగానే అచ్చు తీస్తారు.

మరుసటి వారం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఆంటీ కొన్నాళ్ళు సహవాసానికి వండిపెట్టే పరిచర్య నుంచి విశ్రాంతి తీసుకుంటారని. విశ్రాంతట! ఆవిడ్ని అడిగిన పాపాన పోలేదు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

మా షాపు వెనక వీధిలో నల్లవాళ్ళ చర్చి ఒకటుంది. ఒకరోజు పని అయ్యాక అక్క నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. పెద్దాయన పాస్టరు, చాలా పొడుగు మనిషి. నా వచ్చీరాని ఇంగ్లీషులో కథంతా చెప్పాను. ఆయన అక్క పేరు పలకడానికి తంటాలుపడి, చివరికి పలికి, ఎవరు పెట్టారని అడిగారు. అమ్మ అని చెప్పింది అక్క. "ఆ తల్లిని దేవుడు దీవించాలి" అన్నారాయన. అదే పేరుతో బాప్తిస్మం ఇస్తానని, సెప్టెంబరు ఆఖరి ఆదివారం రమ్మన్నారు.

పని అయిపోయింది కదా, సంతోషపడాలి కదా? ఇంటికొచ్చి ముఖం ముడుచుకుని కూర్చుంది.

"మళ్ళీ ఏమైంది?"

"ఆయన ప్రార్థన నాకొక్క ముక్క అర్థం కాదే. ఆమెన్ ఒకటే తెలిసిద్ది. కోటేశ్వరరావుని పిలుద్దాం. ముంచొద్దులే, ఆయన మనస్సాక్షి ఆయన దగ్గరే పెట్టుకోమను. పక్కన నిలబడి తెలుగులో ఒక్క ప్రార్థన చేస్తే చాలు."

"ఫోన్ కలపనా?"

"శుభకార్యానికి ఫోన్లో పిలుస్తారటే? గుమ్మంలోకి పోయి పిలవాలి."

శనివారం సాయంత్రం పట్టుచీర కట్టుకుంది. దారిలో ఒక పళ్ళతోట దగ్గర ఆపించి ఒక సంచి యాపిల్స్ కొంది, ఉత్తచేతులతో పోకూడదని. పాస్టరు గారి ఇంటి ముందు కారు ఆపాను. లోపల లైట్లు, కిటికీ తెరిచి ఉంది. అక్క సంచి పట్టుకుని డ్రైవ్‌వే మీద సగం దాకా నడిచింది. అప్పుడే వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన మొదలైనట్టుంది. వాళ్ళ పాప రియా గొంతు కారులో ఉన్న నాకు కూడా వినబడింది.

"యేసయ్యా, లూదియ ఆంటీకి హెల్ప్ చెయ్యి. ఆంటీ యాంగర్ అంతా తీసెయ్యి. ప్లీజ్."

"ఆమెన్" అన్నారు పాస్టరు గారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నారు, నాకు తెలుసు.

అక్క అక్కడే నిలబడింది. వెళ్ళి గంట కొడుతుందనుకున్నాను. నాలుగు దులిపి, పిలిచి, యాపిల్స్ ఇచ్చి వస్తుందనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగొచ్చి కారెక్కి తలుపేసుకుంది.

"పిలవలేదేం అక్కా?"

"బండి పోనీ."

"నేను పోయి చెప్పి రానా?"

"నా పిలుపు నేనే పిలవాలి. ఆళ్ళింట్లో నేనింకా లూదియనే, ఏ పేరుతో పిలవను? పోనియ్ అంటున్నానా?"

 ఆఖరి ఆదివారం ఇంకో వారంలోకి వచ్చేసింది. ఆవిడ మళ్ళీ బయల్దేరలేదు, నేనూ అడగలేదు. యాపిల్స్ సంచి నా కారు వెనకసీట్లోనే ఉంది.